కర్నూలులో చెక్క బాణాలు సొంతంగా చేసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్తే. నాకు బాణాలు వేసే అలవాటు ఉంది. ఇప్పటిదాకా అంతా ఆన్‌లైన్‌లో కొన్న కార్బన్ బాణాలతోనే నడిపించాను. విల్లు మాత్రం వెదురుదే. 28 అంగుళాలు లాగితే వేలాడే కాటా 18 కిలోలు చూపిస్తుంది, అంటే దాదాపు 40 పౌండ్లు.

మొన్న కనుమ పండక్కి అహోబిలం పోయినాను. పారువేట మొదలయ్యేటప్పుడు చెంచులు స్వామి పల్లకి మీదికి బాణాలు వేస్తారు కదా, అది దగ్గరగా నిలబడి చూశాను. అప్పటి నుంచి నా కార్బన్ బాణాలు పట్టుకుంటే ప్లాస్టిక్ పైపు పట్టుకున్నట్టే ఉంది. ఒక్కటైనా నా చేత్తో చెయ్యాలని పట్టుకుంది.

హార్డ్‌వేర్ షాపులో గుండ్రటి చెక్క పుల్ల కొని, ఈకలు అంటించి, వేసి చూశాను. ప్రతిసారీ ఎడమకే పోతోంది. నా గురి తేడా కాదు. అదే చోట నిలబడి కార్బన్ బాణం వేస్తే నడిమికి తగులుతోంది.

తెలిసినవాళ్లు చెప్పండి. ఎడమకు ఎందుకు పోతోంది? మన దగ్గర దొరికే చెక్కల్లో ఏది మంచిది? విదేశీ వీడియోల్లో అందరూ సీడార్, సీడార్ అంటున్నారు, అది ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? ఈకలు ఏవి వాడాలి? ఇంకో మాట. ఇంత శ్రమపడి చేసుకున్నాక కొన్న బాణం కంటే ఎక్కువ సంతోషం నిజంగా ఉంటుందా? చేసేవాళ్ల నోటి నుంచే వినాలని ఉంది.

ఆదోని పత్తి (ఆదోని)

అన్నా, ముందు ఆ ఎడమ సంగతి తేల్చుకుందాం. మీరు కుడిచేత్తో లాగేవాళ్లయితే మీ పుల్ల ఆ విల్లుకు మరీ బిర్రుగా ఉంది. విల్లు నడుమ చెక్క అడ్డంగా ఉంటుంది, బాణం దాని పక్కనుంచి పోవాలి. నారి వదలగానే వెనక నుంచి తోపు ఒక్కసారిగా తగిలి కాడ ఒక పక్కకు వంగుతుంది, వెంటనే ఇంకో పక్కకు వంగుతుంది. అట్లా చేప ఈదినట్టు ఒళ్లు తిప్పుకుంటూ విల్లును తప్పించుకుని పోయి, ఆ తర్వాత తిన్నగా సర్దుకుంటుంది. కాడ వంగనని మొండికేస్తే విల్లు దాన్ని పక్కకు నెట్టేస్తుంది, ఎడమకు పోతుంది. మరీ మెత్తగా ఉంటే కుడికి పోతుంది.

కార్బన్ బాణానికి ఈ లెక్క తయారుచేసేవాళ్లే కట్టి నంబరు అచ్చేసి ఇస్తారు. చెక్కకు మనమే కట్టుకోవాలి. అది కష్టమేం కాదు. గోడకు రెండు మేకులు, సరిగ్గా 26 అంగుళాల ఎడంతో, ఒకే ఎత్తులో కొట్టండి. పుల్లను వాటి మీద ఆనించి, నడుమ 2 పౌండ్ల బరువు వేలాడదీయండి. 2 పౌండ్లంటే 907 గ్రాములు. నేను ఒక సీసాకు తాడు, కొక్కెం కట్టి, వంటింటి కాటా మీద పెట్టి, అన్నీ కలిపి 907 చూపించేదాకా నీళ్లు పోసి మూత బిగించుకున్నా. అదే నా తూకం రాయి. పుల్ల ఎన్ని అంగుళాలు కిందికి దిగిందో కొలిచి, 26ను ఆ అంకెతో భాగించండి. 0.65 అంగుళం దిగితే 40 వస్తుంది, అంటే మీ 40 పౌండ్ల విల్లుకు సరిపోయే పుల్ల. మిల్లీమీటర్లలో చెప్పాలంటే పదహారున్నర. మీ విల్లుకు 15 నుంచి 19 మిల్లీమీటర్ల మధ్య దిగే పుల్లలు పక్కన పెట్టుకోండి. పిడి వెడల్పుగా ఉన్న వెదురు విల్లయితే ఎక్కువ దిగేవాటితో మొదలుపెట్టండి, వాటికి మెత్తని కాడే నప్పుతుంది.

ఇప్పుడున్న పుల్లను పారేయొద్దు. నడుమ భాగం ఉప్పుకాగితంతో చుట్టూ సమంగా రుద్ది కొంచెం సన్నం చెయ్యండి. రుద్దడం, కొలవడం, వేసి చూడడం. ములికి, అంటే బాణం మొన, బరువు పెంచినా మెత్తబడినట్టే పోతుంది. పొడవు మాత్రం తొందరపడి కోయొద్దు. పొట్టి అయ్యేకొద్దీ ఇంకా బిర్రెక్కుతుంది.

చెక్క విషయానికొస్తే, సీడార్ అని వాళ్లు చెప్పేది అమెరికాలో ఓరెగాన్ తీరం వైపు పెరిగే పోర్ట్ ఆర్ఫర్డ్ సీడార్. తేలిగ్గా ఉంటుంది, నార తిన్నగా ఉంటుంది, మంచిదే. మనకు దాంతో పనిలేదు, వెదురుంది. నల్లమలలో సాధనపు వెదురు కావలసినంత ఉంది కదా అని అడవిలోకి మాత్రం పోవద్దు. అది పులుల అభయారణ్యం, అక్కడ పుల్ల విరిచినా కేసే. ఊళ్లో మేదరివాళ్ల దగ్గరకు పోయి, గోడ మందంగా ఉన్న ముదురు బొంగు కావాలని అడగండి. బుట్టలకు వాళ్లు లేతది ఏరుకుంటారు, మనకు ముదురుది కావాలి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. తట్టి చూస్తే సన్నటి పొడి రాలే బొంగు తీసుకోవద్దు, లోపల పురుగు ఉన్నట్టు. పచ్చిదైతే నీడలో, కట్ట కట్టి, కొన్ని నెలలు ఆరనివ్వాలి.

షాపులో కొనే పుల్లలకు ఒక జాగ్రత్త. నార ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా పోతోందా చూడండి. నడుమ ఎక్కడైనా పక్కకు జారి అంచులో తేలితే ఆ పుల్ల బాణానికి పనికిరాదు. వదిలేటప్పుడు ఆ ఏటవాలు దగ్గరే చీలి, విల్లు పట్టుకున్న చేతిలో దిగుతుంది.

బొంగును నిలువునా చీల్చి చిటికెన వేలి మందం చదరపు పుల్లలు తీస్తాను. పై తోలు వైపే బలం ఉండేది, అందుకే చెక్కేదంతా లోపలి వైపు నుంచే. చెక్కముక్కలో గాడి తీసి పుల్లను అందులో పడుకోబెట్టి చిత్రిక పట్టాలి. నాలుగు అంచులు పడితే ఎనిమిది పలకలవుతుంది, ఆ ఎనిమిది అంచులూ పడితే పదహారు, అప్పటికి చేతికి గుండ్రంగానే తగులుతుంది. మిగిలింది ఉప్పుకాగితం పని. 8 మిల్లీమీటర్ల లావు దగ్గర ఆగి కొలతకు పెట్టండి.

ఆ తర్వాత వంకర తీయడం. అన్నా, సంతోషం ఎక్కడుందని అడిగారే, నాకు సగం ఇక్కడే ఉంది. పొద్దున్నే, ఎండ ఇంకా మిద్దె మీదికి రాకముందు, కుంపటిలో బొగ్గులు రాజేసి కూర్చుంటాను. పుల్ల ఒక చివర కంటికి ఆనించి, వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ చూస్తే రెండో చివర గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుంది. ఎక్కడ వంపు ఉందో అప్పుడు కన్ను పట్టేస్తుంది. ఆ చోటును బొగ్గులకు జానెడు ఎత్తున పెట్టి తిప్పుతూ కాచాలి. కాసేపటికి వెదురు తోలు నిగనిగలాడుతుంది, లోపలి జిడ్డు పైకి తేలుతుంది. వేలు ఆనించలేనంత వేడెక్కినప్పుడు పుల్ల మాట వింటుంది. గాడి చెక్కలో పెట్టి, వంపుకు ఎదురుగా అవసరమైనదానికంటే రవ్వంత ఎక్కువే వంచి, చల్లారేదాకా కదలకుండా పట్టుకోవాలి. తొందరపడి వదిలితే మళ్లీ మొదటికే. నల్లగా మాడనిస్తే అక్కడ పెళుసెక్కుతుంది. కణుపు దగ్గర మాత్రం వెదురుకు మొండితనం ఎక్కువ, దాన్ని ఒకేరోజు లొంగదీసుకోవాలని చూడొద్దు. మరుసటి రోజు చూస్తే కొంచెం పాత వంపుకు పోయి ఉంటుంది. మళ్లీ కాచాలి. చివరికి ఒక పొద్దున కంటికి ఆనించి తిప్పితే ఆ కొన కదలదు. తిప్పుతూనే ఉంటాం, అది మాత్రం చుక్కలా ఒకేచోట నిలబడి ఉంటుంది. ఆ క్షణం కోసం నేను ఎంతసేపైనా బొగ్గుల ముందు కూర్చుంటా.

వెనక నారి పట్టే గాడికి రెండు ఆక్సా బ్లేడ్లు కలిపి టేపు చుట్టి కోస్తే సరిపోయే వెడల్పు వస్తుంది. చెక్క పుల్లయితే గాడి నార పొరలకు అడ్డంగా పడాలి, పొరల వెంబడి కోస్తే నారి దెబ్బకు చీలిపోతుంది. గాడి కింద దారం గట్టిగా చుట్టడం ఏ పుల్లకైనా తప్పదు. ములికి లేత్ షాపులో ఇనుముతో తిప్పించుకున్నా, ఒక్కోటి 8 గ్రాములు. లక్క వేడిచేసి అంటిస్తా. తీయాలంటే మళ్లీ వేడి చేస్తే ఊడొస్తుంది.

ఈకలు టర్కీ కోడి రెక్కలవి. పెంచేవాళ్లను అడిగితే రాలినవి ఉత్తినే ఇస్తారు. ఒక బాణానికి మూడు ఈకలూ ఒకే పక్క రెక్కవి కావాలి, అన్నీ ఎడమవో, అన్నీ కుడివో. కలిపితే ఒకటి ఒకవైపు తిప్పితే ఇంకొకటి ఎదురు తిప్పుతుంది. నాటుకోడి ఈకలు మెత్తన, తొందరగా నలిగిపోతాయి. నెమలి ఈకల జోలికి పోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షణలో ఉన్న పక్షి. ఆ తోక ఈక గాలిని కాసేది కూడా కాదు.

ఇక వేసే సంతోషం. శనగ కోతలయ్యాక మా వైపు నల్లరేగడి చేలు ఖాళీ అవుతాయి. చేనుగట్టుకు ఆనించి గోనె సంచుల బస్తా పెట్టి వేస్తా. ఒక బొంగులో పుట్టిన పుల్లలైనా ఏ రెండు బాణాలూ ఒకేలా పోవు. నా దాంట్లో పచ్చపట్టీ బాణం ఒకటుంది, ఎప్పుడూ గుప్పెడు కుడికి పోతుంది. దాన్ని తీసినప్పుడు నా చెయ్యే ఎడమకు సర్దుకుంటుంది. ఎర్రపట్టీది బరువు, కొంచెం కిందికి దిగుతుంది, కానీ గాలి ఉన్న రోజు దానంత నమ్మకమైనది లేదు. కొన్న డజను కార్బన్ బాణాల్లో దేన్ని వదిలానో నాకు గుర్తుండదు. వీటిలో ఒక్కటి పోయినా వెతికేదాకా ఇంటికి రాలేను. మార్చి దాటితే రేగడి నెర్రెలిస్తుంది. గురి తప్పిన బాణం నేలమీద జారి ఆ నెర్రెలోకి దూరిందంటే పారతో తవ్వాల్సిందే. తవ్వుతా కూడా.

ధర్మవరం పోగు (ధర్మవరం)

ఆదోని అన్న చెప్పినదాంట్లో దారం గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు, నేను కొంచెం చెప్తాను. మాది మగ్గాల ఇల్లు. మా ఆయనకు బాణాల పిచ్చి, చుట్టే పని నాది.

నైలాన్ దారం వద్దన్నా. జారుతుంది, ముడి వదులవుతుంది. పురిపెట్టిన పట్టు పోగు వాడండి. సన్నగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, జిగురు బాగా పీల్చుకుంటుంది. మగ్గం మీద చీర దిగాక మిగిలిపోయే కొసలు చాలు, కొనక్కర్లేదు. చుట్టేటప్పుడు దారం పట్టుకుని చేతిని తిప్పకూడదు. దారాన్ని బిగువుగా ఒకచోట ఉంచి, బాణాన్ని తిప్పాలి. అప్పుడే చుట్టు పక్కన చుట్టు వరసగా కూర్చుంటుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కదు. ముడి పైకి కనిపించకుండా ఉండాలంటే మొదట్లోనే ఒక పోగును మడతపెట్టి చుట్ల కింద ఉంచండి. చివర్లో కొసను ఆ మడతలో దూర్చి లాగితే లోపలికి పోతుంది. పైన పల్చగా ఫెవికాల్, అది ఆరాక లక్క పాలిష్.

ముఖ్యంగా ఈక ముందు కొస. ఈకను జిగురుతో అంటించి వదిలేస్తే సరిపోదు. బాణం పోయేటప్పుడు ఆ కొస విల్లు పట్టుకున్న చేతి మీదుగా రాసుకుంటూ పోతుంది. అది లేచి ఉంటే ముల్లులా చర్మంలో దిగుతుంది. కొసను బాగా పల్చగా గీసి, దాని మీదుగా పట్టు పోగు చుట్టాలి. గోటితో గీకి చూస్తే ఎక్కడా పట్టుకోకూడదు.

1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో ఐదువేల ఏళ్ల నాటి మనిషి శరీరం దొరికింది కదా. ఆయన అమ్ములపొదిలో 14 బాణపు కాడలుంటే వాటిలో రెండే పూర్తయినవి. ఆ రెండింటికీ మూడేసి ఈకలు చెట్టు బంకతో అంటించి, సన్నటి దారంతో చుట్టి ఉన్నాయి. ఫొటో చూసి నేను చాలాసేపు ఆ దారం చుట్లే చూస్తూ ఉండిపోయాను. ఎంత వరసగా ఉన్నాయో! ఆయన చుట్టినట్టే నేనూ చుడుతున్నాను.

రంగు పట్టీలు కూడా పట్టు పోగుతోనే వేస్తాను, పెయింటు కంటే నాకు అవే నచ్చుతాయి. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో కిరాతార్జునీయం ఉంది కదా, పంది ఎవరి బాణానికి పడిందని అర్జునుడు, శివుడు పోట్లాడుకునేది. అది చూసినప్పుడల్లా మా ఆయన బాణానికి పట్టీలు ఇంకా బాగా కనిపించేలా చుట్టాలనిపిస్తుంది.

గండికోట గాలి (కడప)

నేను పోటీలకు ప్రాక్టీసు చేసేవాణ్ణి, కాబట్టి రెండో వైపు నుంచి చెప్తా. స్కోరు కావాలంటే కార్బనే. 2023లో హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో మన విజయవాడ జ్యోతి సురేఖ గారు మూడు స్వర్ణాలు కొట్టింది కాంపౌండ్ విల్లుతో, అంటే కొనల్లో చక్రాలుండే విల్లుతో. ఆ స్థాయిలో పన్నెండు బాణాలూ ఒకేలా పోవాలి, ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఉంటే కుదరదు.

కానీ చెక్క బాణం పోటీలో లేదనుకోవద్దు. మన దేశంలో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగమే ఉంది. వెదురు విల్లు, చెక్క బాణాలు, 50 మీటర్లు, 30 మీటర్లు. నేను మొదలుపెట్టింది అందులోనే. గురి చూసే అద్దాలు, బరువులు ఏవీ లేకుండా చెయ్యి, కన్ను నేర్చుకుంటాయి.

తుంగభద్ర అన్నా, బరువు కూడా చూసుకోండి. ఇలాంటి విల్లుకు, లాగే బలం ఒక్కో పౌండుకు బాణం బరువు 10 గ్రెయిన్లు ఉంటే మంచిది. మీ 40 పౌండ్లకు 400 గ్రెయిన్లు, అంటే 26 గ్రాములు. మరీ తేలిక బాణం వేస్తే విల్లులో మిగిలిపోయిన దెబ్బ విల్లుకే తగులుతుంది, వెదురు విల్లు చీలిపోవచ్చు. తర్వాత బాణాన్ని వేలి మీద నిలబెట్టి తూకం చూడండి. 30 అంగుళాల బాణమైతే సరిగ్గా నడిమికి కాకుండా మూడు అంగుళాలు ములికి వైపు ఆగితే నిలకడగా పోతుంది.

ఆదోని అన్నా, ఒక డౌటు. వెదురును కాచి సరిచేసినా వానాకాలం మళ్లీ వంగిపోదా?

ఆదోని పత్తి (ఆదోని)

తమ్ముడూ, వంగుతుంది. అందుకే సరిచేసిన వెంటనే అవిసె నూనె రుద్ది, ఆరాక లక్క పాలిష్ పూయాలి. గాడి లోపల, ములికి కూర్చునే కొన మీద కూడా పూయాలి, తేమ ఎక్కువగా దూరేది అక్కడి నుంచే. గోడకు ఏటవాలుగా ఆనించి పెట్టొద్దు. ములికి పైకి ఉండేలా నిలువుగా వేలాడదీయాలి, లేదా బల్ల మీద పడుకోబెట్టాలి. వానలు మొదలయ్యాక ఒకసారి అన్నిటినీ కంటికి ఆనించి చూసుకుంటే సరిపోతుంది. మన సీమలో వానలెంతలే.

ధర్మవరం అక్కా, మడత పోగు పద్ధతి నాకు తెలియదు. రాత్రి ఒకటి చుట్టి చూశా. ముడి కోసం వెతికితే కనపడలేదు. ఇకనుంచి అదే.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. గోడకు మేకులు కొట్టి కొలిచాను. నా పుల్ల 10 మిల్లీమీటర్లు కూడా దిగలేదు! ఉప్పుకాగితంతో రుద్ది పద్నాలుగు దాకా తెచ్చాను. ఎడమకు పోవడం సగానికి పైగా తగ్గింది. ఇంకా రుద్దుతా. మేదరి వీధిలో ఒక పెద్దాయన ముదురు బొంగు తీసిపెడతానన్నారు. బాణాలకని చెప్తే ఆయనే కణుపులు దూరంగా ఉన్నది ఏరి పక్కన పెట్టారు.

రెండు సందేహాలు. బాణం పగిలిందో లేదో వేసే ముందు ఎట్లా తెలుస్తుంది? ఇంటి వెనక ఖాళీ స్థలంలో వేయొచ్చా, లేక చేలల్లోకే పోవాలా?

ఆదోని పత్తి (ఆదోని)

రాయికి గానీ, ఇంకో బాణానికి గానీ తగిలిన ప్రతిసారీ చూడాలన్నా. ములికిని ఒక చేత్తో, ఈకల కింద ఇంకో చేత్తో పట్టుకుని, మొహానికి దూరంగా పెట్టి, కొద్దిగా వంచుతూ చుట్టూ తిప్పండి. చెవి పెట్టి వినండి. సన్నగా టిక్కుమన్నా, ఎక్కడైనా నార పోగు లేచి గోటికి తగిలినా ఆ బాణం మళ్లీ నారికి ఎక్కకూడదు. ఎంత ఇష్టమైనదైనా సరే, అక్కడికక్కడే రెండుగా విరిచేయండి. లేకపోతే మళ్లీ పొదిలోకి చేరుతుంది. ములికి, ఈకలు తీసి కొత్తదానికి వాడుకోవచ్చు.

ఇంటి వెనక అంటే అవతల ఏముందో దాన్నిబట్టి. గురి తప్పిన బాణం ఆగడానికి మట్టిగట్టు గానీ, మనిషి ఎత్తును మించిన గోడ గానీ ఉండాలి. గోడ దగ్గర తలుపు, సందు ఉంటే వద్దు. పిల్లలు ఎప్పుడు ఎటు నుంచి పరుగెత్తుకొస్తారో తెలియదు. పైకి మాత్రం ఎప్పుడూ వేయొద్దు, సరదాకైనా. కుక్క, పంది, పిట్ట దేని మీదికీ ఎత్తొద్దు.

బస్తాకు మా జిన్నింగు మిల్లుల దగ్గర పనికిరాని దూది దొరుకుతుంది. గోనె సంచిలో కాలితో తొక్కి తొక్కి గట్టిగా కూరాలి. వదులుగా ఉంటే బాణం అవతలికి దూసుకుపోయి ఈకలు ఊడిపోతాయి. ఇసుక నింపొద్దు, మొదటి దెబ్బకే కాడ విరుగుతుంది. కర్నూలులో దూది దొరక్కపోతే చెప్పండి, ఆదివారం మా వాళ్ల ఆటో వస్తుంది, రెండు సంచులు వేసి పంపిస్తా.